లెస్టర్‌లో పూజ ఎవరు చేస్తారు

ఆదోనిలో దిగిన మర్నాడు పొద్దున్నే, ప్రయాణం బడలిక ఇంకా ఒంట్లో ఉండగానే, మా అత్తగారు కమలాబాయి చింతపండు ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టారు. "దేవుడి సామాన్లు తోము రుక్మా. రేపు ముక్కోటి ఏకాదశి. ఎల్లుండి ద్వాదశికి నీ మొగుడు పూజకు కూర్చుంటాడు. అన్నీ తళతళ మెరవాల" అన్నారు.

తోమాను. సంతోషంగానే తోమాను. అబద్ధమెందుకు, నాకు ఆ పని ఇష్టం. హారతి పళ్ళెం, గంట, ఉద్ధరిణె, పంచపాత్ర ఒక్కొక్కటే మెరుపెక్కుతుంటే నాలో ఉత్సాహం ఉబికి వస్తోంది. ఇంగ్లండు వెళ్ళిన ఎనిమిదేళ్ళకు మొదటిసారి వచ్చాను. చెప్పాలనుకున్న కబుర్లు కడుపులో పట్టడం లేదు. మంచు కురిసే ఊళ్ళో తులసిని ఎలా బతికించానో, పంతులు లేని చోట బాలసారె ఎలా జరిపించానో, తెల్లవాళ్ళ పిల్లలు నన్ను ఏమేం అడిగారో అన్నీ చెప్పాలి. ముందు దిగింది ఎమ్మిగనూరులో, మా పుట్టింట్లో. మగ్గాల చప్పుడు వింటూ మా అమ్మకు చెప్పబోతే, "అవన్నీ తర్వాత చెబుదువు గానీ, నీ మొగుడు పెరుగు ఏసుకుంటాడో లేదో కనుక్కో" అంది. మా చిన్నపాపను ఆమె దగ్గర వదిలి బస్సెక్కి ఆదోని వచ్చాం. ఇక్కడైనా అడుగుతారనుకున్నాను. చింతపండు చేతికొచ్చింది.

సంగతేమిటంటే, మా మామగారు సేతుమాధవరావు దేవుడి పెట్టెను పెద్దకొడుకుకు అప్పగించబోతున్నారు. హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. కళ్ళకు పొరలు కమ్మాయి, ఆపరేషన్ వద్దని మొండికేసి కూర్చున్నారు. ఆ పెట్టెలో మూడు తరాలుగా వస్తున్న సాలిగ్రామాలు ఉన్నాయి. రోజూ పూజ జరగాలి. జరిపించే కొడుకుకే పెట్టె. మా ఆయన వాదిరాజ లెస్టర్‌లో డాక్టరు. ఉత్తరాల్లో ఆయన రాసేదేమిటంటే, రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి పూజ చేసుకుని, ఆ తర్వాతే ఆసుపత్రికి పోతున్నానని. ఆ మాట చదివి మామగారు వీధి వీధంతా చెప్పుకున్నారట. "ఇంగ్లండుకు పోయినా నా కొడుకు ఆచారం ఇడ్సలేదు" అని.

పూజ మా ఇంట్లో రోజూ జరుగుతున్న మాట నిజమే. చేసేది నేను.

ఆ కథ చెప్పాలి. అక్కడికి వెళ్ళిన కొత్తలో నేను హిందువునని నాకు తెలియదు. నవ్వకండి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎవరైనా మిమ్మల్ని నువ్వు హిందువువా అని అడుగుతారా? నేను ఫలానావాళ్ళ అమ్మాయిని, ఫలానావాళ్ళ కోడలిని, మాధ్వుల పిల్లని. ఏది ముట్టకూడదో, ఏ రోజు తినకూడదో, ఎప్పుడు దూరంగా కూర్చోవాలో తెలుసు. తెలిసినవన్నీ కూడదులే. లెస్టర్‌లో ఒక బడి వంటింట్లో పనికి చేరాను. బంగాళదుంపలు చెక్కు తీయడం, పిల్లలకు వడ్డించడం, బల్లలు తుడవడం. మాంసం తట్టలు నాకు ఇవ్వకుండా వేరే ఆమె సర్దుకునేది, మంచి మనిషి. ఒక దీపావళికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, మీ పండగ గురించి పిల్లలకు పది నిమిషాలు చెప్పండి అంది. చీర కట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. ట్రేసీ అని ఒక పిల్ల, ముక్కు మీద మచ్చలు, చెయ్యెత్తి అడిగింది: మీ ఇంట్లో పూజ ఎవరు చేస్తారు?

మా ఆయన అన్నాను. అలాగే అనాలి కదా. అప్పటికి ఆయన పండగ పూట ఒకసారి పట్టుపంచె కట్టుకునేవారు.

మరి నువ్వేం చేస్తావు అంది. ఇల్లు తుడుస్తాను, సామాన్లు తోముతాను, గంధం తీస్తాను, పూలు సర్దుతాను, ప్రసాదం వండుతాను, దీపం పెడతాను అని చెప్పుకుంటూ పోయాను. అన్నీ విని ఆ పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది: అయితే ఆయన చేసేదేమిటి?

గంట కొడతాడు అన్నాను. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ ఉంటే నవ్వు ఆగిపోయి ఒళ్ళంతా ఒక వేడి పుట్టింది. కోపం కాదు. ఏదో దొరికినట్టు, ఇంతకాలం నా ఇంట్లోనే ఉండి నేను చూడనిదేదో కంటబడినట్టు. మర్నాడు పొద్దున్నే లేచి స్నానం చేసి నేనే కూర్చున్నాను. క్యాలెండర్ నుంచి కత్తిరించిన మంత్రాలయం బృందావనం పటం, ఇత్తడి కృష్ణుడు, కిటికీలో హీటరు పక్కన వణుకుతున్న తులసి మొక్క. ఎవరో వెనకనుంచి వచ్చి ఏయ్ అని గద్దిస్తారేమోనని రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు. బయట పాలవాడి బండి పోతోంది.

ఆ తర్వాత నన్ను పట్టేవాళ్ళు లేరు. ఉగాండా నుంచి వచ్చిన హంసాబెన్ అని గుజరాతీ ఆవిడ మా వీధిలోనే ఉండేది. ఆమె దగ్గర పురుషసూక్తం క్యాసెట్ ఉంది. తెచ్చుకుని, ఆపుతూ, తిప్పుతూ, గిన్నెలు కడుగుతూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ నేర్చుకున్నాను. ఎమ్మిగనూరులో మా నాన్న రోజూ చెప్పేవాడు, గడప ఇవతల కూర్చుని వినేదాన్ని. వినడమే. నోట్లో ఆ మాట పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. ఎలా ఉంటుందని అడిగితే, ఆకలైనప్పుడు అన్నంలా ఉంటుంది. నెలలో ఆ మూడు రోజులు మొదట్లో దూరంగానే ఉన్నాను. రెండు గదుల ఇంట్లో ఎంత దూరం ఉంటాను? వంట నేనే చేయాలి, ఆయనకు పెట్టాలి, బడికి పోయి వంద మందికి వడ్డించాలి. అందరికీ పెట్టే చేయి దేవుడికి మాత్రం పనికిరాదా అని ఒకరోజు నన్ను నేనే ప్రశ్నించుకుని, లేచి దీపం పెట్టాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది.

మా ఆయన మొదట విసుక్కున్నారు. "ఇంత దూరమొచ్చి కూడా ఆదోని ఇడ్సలేదే నువ్వు" అన్నారు. తర్వాత ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాలు చేరాయి. చర్చి వాళ్ళ హాలు అద్దెకు తీసుకుని వినాయక చవితి చేశాం. పంతులు లేడు. నేనే చదివాను, నేనే చేయించాను. వాళ్ళింటి బాలసారెకు, వీళ్ళింటి గృహప్రవేశానికి నన్నే పిలిచారు. అప్పుడాయన నలుగురిలో భుజాలు ఎగరేసి, "మా ఇంట్లో సంప్రదాయం అట్లాంటిది" అనడం మొదలుపెట్టారు. అందరం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ సంప్రదాయం ఆదోనికి పోయే ఉత్తరంలో ఆయన చేతిరాతలో, ఆయన పేరు మీద పోతోందని నాకు అప్పుడు తెలియదు.

సామాన్లు తోముతుంటే పెరట్లో పనిచేసే మరియమ్మ దగ్గరికొచ్చింది. కోసిగి వైపు మనిషి. ముందురోజే క్రిస్మస్ అయింది, కొత్త చీర కట్టుకునే వచ్చింది. "అమ్మా, ఆ దేశంలో అంతా మా సామిని కొలిసేటోళ్ళేనంట గదా?" అంది.

"చాలామంది" అన్నాను.

"మరి మీ దేవుని పని యాడ సేసుకుంటారు? గుడి ఉంటాదా?"

"లేదు మరియమ్మా. ఇంట్లోనే. పెద్ద పండగైతే చర్చి వాళ్ళే హాలు ఇస్తారు."

మరియమ్మ ఇంత నవ్వు నవ్వింది. "అయితే ఆడ మీరు ఈడ మా మాదిరన్నమాట!" అంది. నేనూ నవ్వాను. నన్ను అక్కడి సంగతులు అడిగిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఇంకా ఏదో అడగబోతుంటే అత్తగారు లోపలినుంచి, "మడి సామాన్ల దగ్గర నిలబడొద్దు మరియమ్మా" అని కేకేశారు. మరియమ్మ నవ్వు అలాగే ముఖం మీద పెట్టుకుని చీపురు తీసుకుని పోయింది. లెస్టర్‌లో నా వెనక కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకున్న బస్సు ప్రయాణమొకటి గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఏకాదశి నాడు మామగారి పినతండ్రి కొడుకు నరహరి వచ్చారు, మంత్రాలయంలో మఠం సేవలో ఉన్నాయన. పెట్టె అప్పగించేటప్పుడు పెద్దలెవరైనా ఉండాలని పిలిపించారు. ఆ రోజే మా ఆయన్ని ఒకసారి పూజకు కూర్చోబెట్టారు, చేయి అలవాటు కావాలని. ఏకాదశి గనుక నైవేద్యం లేదు, అభిషేకమే. లోపల ఏం చేశారో తెలియదు, గంట మాత్రం బాగా కొట్టారు. పూజ ముగించి, పట్టుపంచెలో, ఎంతో ఠీవిగా హాల్లోకి వచ్చి నిలబడ్డారు. నుదుట ధూపం బొగ్గుతో దిద్దిన నల్లటి అంగారం గీత. దాని కింద గుండ్రంగా ఎర్రటి అక్షింత బొట్టు.

మావాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. పసుపు, సున్నం నూరి పెట్టుకునే ఆ ఎర్రబొట్టు భోజనం చేసే రోజుకు గుర్తు. ఏకాదశి ఉపవాసం నాడు అంగారం ఒక్కటే పెట్టుకోవాలి. ఏడేళ్ళ వటువుకు కూడా ఈ సంగతి తెలుసు. రోజూ పూజ చేసేవాడు, నెలకు రెండు ఏకాదశులు చూసేవాడు చచ్చినా ఆ తప్పు చేయడు.

నరహరిగారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "ఏంరా వాదీ, ఏకాదశి నాడు అక్షింత పెట్టుకుంటివే! ఇంగ్లండులో ఇట్లనేనా?"

మామగారికి కనపడలేదు. "ఏమాయె? ఏమాయెరా?" అంటున్నారు.

మా ఆయన చేయి గబుక్కున నుదుటికి పోయింది. నాకు ఆయన మీద జాలేసింది, నిజంగా. ఆ జాలి ఆయన నోరు తెరిచేదాకే. "రుక్మ పళ్ళెంలో సర్ది పెట్టింటే పెట్టుకుంటి. చూసుకోలేదు" అన్నారు.

అత్తగారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఆ మాత్రం చూసుకోవద్దా? మగవానికి ఏం గుర్తుంటాది? గుర్తు చేయాల్సింది ఆడది గదా!"

నేను ఆ అక్షింత గిన్నె పెట్టలేదు. అది ఏడాది పొడుగునా పూజగదిలో ఆ మూలనే ఉంటుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగాను. లెస్టర్‌లో ఆయన పేరు మీద పోయింది నా పూజ. ఇక్కడ నా పేరు మీదకి వచ్చింది ఆయన తప్పు. పూజ గదిలోకి పోవడానికి పనికిరాని మనిషిని, ఆ గదిలో జరిగిన తప్పుకు ఎలా పనికొచ్చానో అర్థం కాలేదు. ఉపవాసపు నీరసం ఎటుపోయిందో, ఒళ్ళు భగభగ మండింది.

సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తుంటే మా ఆయన వచ్చారు. ప్రేమగానే మాట్లాడారు. "రుక్మా, పొద్దున అట్ల అనింటే మనసులో పెట్టుకోవద్దు. నాయన పరువు గదా" అన్నారు. నేను దుప్పటి మడత పెడుతున్నాను. "రేపు పెట్టె నా చేతికిస్తాడు. నేను మొక్కుబడిగా కూర్చుంటా. లెస్టర్‌కు పోయినాక నువ్వే చేసుకో. నీకు ఇష్టమే గదా! ఎవరు చూస్తారు ఆడ?"

దుప్పటి నా చేతుల్లోనే ఉండిపోయింది. ఆశ పుట్టలేదని అనను. పుట్టింది. చిన్నప్పటినుంచి గడప ఇవతల నుంచి చూసిన ఆ నల్లని నున్నని రాళ్ళు నా అరచేతిలో! రోజూ పొద్దున నేను నీళ్ళు పోయవచ్చు. నోరు మూసుకుంటే చాలు. రేపొక్క పూట. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ. పాప పెద్దదై, మా ఇంట్లో పూజ ఎవరు చేస్తారని ఎవరైనా అడిగితే, మా నాన్న అని చెప్పే రోజు దాకా. మెట్లు దిగుతున్న ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. ఏమీ మాట ఇవ్వలేదు.

ద్వాదశి నాడు మా ఇళ్ళలో హడావుడి ఎలా ఉంటుందో చెప్పలేను. పొద్దు పొడిచిన కాసేపటికే తిథి అయిపోతుంది. ఆలోపల పూజ, నైవేద్యం, భోజనం అన్నీ కావాలి. లేకపోతే ముందురోజు ఉపవాసం బూడిదలో పోసినట్టే. చీకటుండగానే అత్తగారూ నేనూ తడిబట్టలతో పొయ్యి దగ్గర ఉన్నాం. అవిసాకు కూర, పెసరపప్పు పాయసం, ఉసిరికాయ పచ్చడి. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నిన్నంతా నీళ్ళతో ఉన్న నరహరిగారు హాల్లో పచార్లు చేస్తూ, వాసన వచ్చినప్పుడల్లా గడియారం చూస్తున్నారు.

అన్నీ సిద్ధమయ్యాయి. మామగారు తడుముకుంటూ దేవుడి పెట్టె తెచ్చి పీట మీద పెట్టుకుని కూర్చున్నారు. మా ఆయన ఎదురుగా చేతులు చాపారు. "నాయనా వాదిరాజా, మా తాతనుంచి మా నాయనకు, మా నాయననుంచి నాకు వచ్చింది. దేశం గాని దేశంలో గూడా నువ్వు రోజూ పూజ చేస్తాండావు గాబట్టి..." అంటూ మామగారు పెట్టెను తడిమి ఒళ్ళోకి తీసుకున్నారు.

"మామయ్యా" అన్నాను. నా గొంతేనా అది! "ఆయన చేయట్లేదు. ఆడ పూజ చేసేది నేను. అన్నీ నేనే చేస్తాను. సూక్తం కూడా నేనే చెబుతాను. ఇచ్చేదైతే నా చేతికివ్వండి. ఆయన పేరుతో వచ్చే పెట్టె నాకొద్దు."

మా ఆయన "రుక్మా!" అన్నారు. మామగారు కనపడని కళ్ళతో కొడుకు వైపు చూసి, "నిజమేనారా?" అని అడిగారు. ఆయన తల దించుకున్నారు. దించుకున్నది మామగారికి కనపడదుగా, ఎంతసేపటికీ జవాబు కోసం అలాగే చూస్తున్నారు.

నరహరిగారే అందుకున్నారు. "ఆడది సాలిగ్రామాన్ని ముట్టుకునేది యాడన్నా ఉందా? మైల పడిపోదా? సేతూ, పెట్టె లోపల పెట్టు. ఇది అప్రాచ్యం!"

అప్పుడు వంటింటి గడప మీదనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అన్నారు.

"రెండేండ్లాయె ఆ దేవునికి నేను నీళ్ళు పోయబట్టి."

నేనైతే చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మర్చిపోయాను. అత్తగారు తడిచీరతోనే నడిచి వచ్చారు. "ఈయనకు కండ్లు కనపడతాండాయా? ఒకరోజు సాలిగ్రామం జారి కింద పడె. ఆ పొద్దునుంచి తలుపేసుకుని ఈయన మంత్రం చెప్తాడు, నేను కడిగి, తుడిచి, గంధం పెట్టి, తులసి ఏస్తా. బయటికొచ్చి ఈయన తీర్థమిస్తాడు. మీరందరూ తాగితిరి. నువ్వూ తాగినావు గదా నరహరీ, పోయిన ఆరాధనకు వచ్చినప్పుడు? ఏమన్నా మైల పడితివా?"

మామగారు కాదని అనలేదు. నేను మా అత్తగారినే చూస్తున్నాను. నిన్న నన్ను గద్దించిన మనిషేనా! మూసిన తలుపు వెనక ఈ మనిషీ ఒక్కతే, అక్కడ నేనూ ఒక్కదాన్నే, మధ్యలో సముద్రాలు. నాకు ఏడుపొచ్చింది, ఎగిరి గంతెయ్యాలనిపించింది, రెండూ ఒకేసారి.

అత్తగారు వంగి మామగారి ఒళ్ళోంచి పెట్టెను మెల్లగా తీసుకున్నారు. నాకే ఇస్తారనుకుని చేతులు చాపబోయాను. ఇవ్వలేదు.

"నీకీయను రుక్మా. వానికీయను. ఎవరికీ ఈయను. నా చేతి పూజ ఇది, నేనుండేంతకాలం ఈడనే ఉంటాది. నీ దేవుడు నీకుండాడు గదా ఆడ!" అన్నారు. నిజమే. ఇత్తడి కృష్ణుడు, హీటరు పక్కన తులసి. వాటికి నా చేయి తెలుసు. ఒక్క క్షణం పోయిందే అనిపించి, మరుక్షణం గుండె తేలికైపోయింది.

నరహరిగారు విసురుగా కండువా దులిపి భుజాన వేసుకుని వీధి అరుగు మీదికి పోయారు. పోయారే గానీ వీధి దిగలేదు. తిథి దాటిపోతోంది, ఇంకెవరింట్లోనూ ఇప్పుడు విస్తరి దొరకదు.

అత్తగారు పూజగదిలో పీట వేసుకుని కూర్చుని పెట్టె తెరిచారు. మామగారి వైపు చూశారు. ఆయన నోరు పెగల్లేదు, చేతులు జోడించుకుని గోడకానుకుని అలాగే ఉన్నారు. అత్తగారు ఒక సాలిగ్రామం తీసి అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళ చెంబు ఎత్తి, నన్ను పిలిచారు. "రా, ఈడ కూర్చో. ఈయన చెప్పేతట్టు లేడు. నాకు చేతి పనే వచ్చు, మంత్రం రాదు. నీకు వచ్చంటివి గదా, నువ్వు చెప్పు, నేను పోస్తా."

గడప దాటి లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మొదటి మాట లోగొంతుకలోనే వచ్చింది. అత్తగారు నీళ్ళ ధార ఆపకుండానే మోచేత్తో నన్ను పొడిచారు.

"గట్టిగా చెప్పు రుక్మా. అరుగు మీద ఆకలితో కూర్చున్నాయనకు గూడా వినపడాల, ఈ ఇంట్లో పూజ ఎవరు చేస్తాండారో."